లక్ష దాటే టీవీని పోల్చి కొనడం ఎలా: పర్లాకిమిడి ఇంటి లెక్క

షోరూమ్‌లో ఆరు టీవీలు వరసగా పెట్టి, ఆరింటిలోనూ అదే సముద్రం, అదే రంగుల చిలక ఆడిస్తుంటే ఏది బాగుందంటే ఎవరైనా ఏం చెబుతారు? అన్నిటికంటే వెలుగున్నదాన్ని చూపిస్తారు. నేనూ మొదటిసారి అదే చేశాను. ఇంటికి తెచ్చి గోడకి బిగించాక అమ్మ తన సీరియల్ పెట్టుకుని పది నిమిషాలు చూసింది. "ఇదేంట్రా, మనుషులు మైనం బొమ్మల్లా ఉన్నారు" అంది. ఆ మాట నిజమే. టీవీలో లోపం లేదు. మా ఇంట్లో ఏం ఆడుతుందో చూసుకోకుండా కొన్న నాదే లోపం.

ఆ తర్వాత గుణుపురంలో బావకి, పాతపట్నంలో పిన్నికి, ఇంకో ఇద్దరు చుట్టాలకి దగ్గరుండి టీవీలు కొనిపించాను. ఆ తిరుగుళ్ళలో కుదిరిన పద్ధతి ఇది. ధరలు రాయడం లేదు, పండక్కి పండక్కి మారిపోతాయి.

మొదటి పని: వారం రోజుల లెక్క రాయండి

షోరూమ్‌కి వెళ్ళేముందు ఒక వారం, మీ టీవీలో ఎవరు ఏం చూస్తున్నారో, ఎన్ని గంటలో క్యాలెండర్ మీద రాసిపెట్టండి. మా ఇంట్లో నాన్న పొద్దున రెండు గంటలు, రాత్రి గంటన్నర తెలుగు న్యూస్ చూస్తారు. అమ్మ సాయంత్రం సీరియళ్ళు చూస్తుంది, రథయాత్ర రోజు మాత్రం పొద్దున్నుంచీ డీడీ ఒడియానే. మా గుంటడు పీఎస్5 (ప్లేస్టేషన్ గేమ్ బాక్స్) మీద రోజుకో గంట ఆడతాడు, సెలవుల్లో ఎన్ని గంటలో నేను రాయలేకపోయాను. నాకు శనివారం రాత్రి ఒక సినిమా. అంతా కలిపితే వారానికి దాదాపు 45 గంటలు. అందులో షోరూమ్ వీడియోకి దగ్గరగా వచ్చే నాణ్యత నా సినిమా రెండున్నర గంటలదే. గుంటడి గేమ్ దాని తర్వాత. మిగతాదంతా కేబులో, డీటీహెచ్చో.

అక్కడే అసలు చిక్కుంది. తెలుగు న్యూస్ చానెళ్ళు చాలావరకు ఇంకా ఎస్‌డీలోనే, అంటే పాత తక్కువ నాణ్యతలోనే వస్తున్నాయి. ఎస్‌డీ బొమ్మంటే 720 × 576, అంటే దాదాపు 4.15 లక్షల చుక్కలు. 4కె తెరలో 3840 × 2160, దాదాపు 83 లక్షలు. భాగించి చూడండి, సరిగ్గా ఇరవై రెట్లు. తెర మీది ప్రతి ఇరవై చుక్కల్లో చానెల్ పంపింది ఒక్కటే, మిగతా పంతొమ్మిదీ టీవీ తనంతట తాను ఊహించి నింపుకున్నవి. ఈ నింపుడునే అప్‌స్కేలింగ్ అంటారు. ఖరీదైన టీవీల మధ్య తేడా ఎక్కువగా బయటపడేది ఇక్కడే, షోరూమ్‌లో ఎవరూ చూపించనిదీ ఇదే. నా కంటికి ఈ పనిలో సోనీ ముందుంటుంది, ఎల్‌జీ, శాంసంగ్ పైస్థాయి మోడళ్ళు దాని వెనకే వస్తాయి. చవకలో పెద్ద సైజు ఇచ్చే బ్రాండ్ల మీద ఎస్‌డీ చానెల్ పెట్టించి చూడకుండా డబ్బు కట్టకండి.

టీవీ మార్చేముందు సెట్‌టాప్ బాక్స్ వెనక కూడా ఓసారి చూడండి. పసుపు, ఎరుపు, తెలుపు వైర్లతో టీవీకి కలిపి ఉంటే ఎన్ని లక్షలు పోసినా బొమ్మ బాగుపడదు. పైగా కొత్త ఖరీదైన మోడళ్ళు చాలావాటిలో ఆ రంధ్రాలే ఉండవు. హెచ్‌డీ బాక్స్ తీసుకుని హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టండి, సీరియల్ చానెళ్ళకి హెచ్‌డీ ప్యాక్ వేయించండి. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఎవరో గీత గీస్తే మన పర్లాకిమిడి ఒడిశా వైపు పడింది కాబట్టి, ఒడిశా అడ్రసు చెప్పగానే చేతిలో పెట్టేది ఒడియా ప్యాకే. తెలుగు హెచ్‌డీ చానెళ్ళు అడిగి విడిగా కలిపించుకోవాలి. ఓటీటీ సంగతీ అంతే. నెట్‌ఫ్లిక్స్ బేసిక్ ప్లాన్‌లో 720పి వరకే వస్తుంది, స్టాండర్డ్‌లో 1080పి, 4కె కావాలంటే ప్రీమియమే తీసుకోవాలి, నెట్ కూడా కనీసం 15 ఎంబీపీఎస్ ఉండాలి.

రెండో పని: టేపు పెట్టి కొలవండి, కిటికీ చూడండి

సోఫాలో కూర్చున్నప్పుడు కంటి నుంచి గోడకి ఎన్ని అంగుళాలో కొలవండి. దాన్ని 1.6తో భాగిస్తే హాయిగా చూసే సైజు వస్తుంది, 1.2తో భాగిస్తే సినిమా హాలు ముందు వరసల్లో కూర్చున్నట్టుండే సైజు. మా హాల్లో దూరం తొమ్మిది అడుగులు, అంటే 108 అంగుళాలు. మొదటి లెక్కకి 67, రెండో లెక్కకి 90 వచ్చింది. 65 అంగుళాలది తీసుకున్నాం. ఇంట్లో ఎస్‌డీ చానెళ్ళు ఎక్కువ చూస్తే చిన్న అంకె వైపే ఉండండి, తెర పెరిగేకొద్దీ బొమ్మలోని మచ్చలూ పెరుగుతాయి.

మన ఇళ్ళలో టీవీని దేవుడి పటాల వరసలో, మెడ ఎత్తి చూడాల్సినంత పైన బిగించే అలవాటుంది. తెర మధ్యభాగం కూర్చున్న మనిషి కంటి ఎత్తుకి రావాలి, ఉజ్జాయింపుగా నేల నుంచి మూడున్నర అడుగులు. కార్పెంటర్ వినడు. మీరే పెన్సిల్‌తో గోడ మీద గీత గీసి ఇవ్వండి.

ఇక కిటికీ. టీవీకి ఎదురుగా కిటికీ ఉందా, మధ్యాహ్నం ఎండ ఎటునుంచి పడుతుంది, పగలు ఎవరు చూస్తారు? ప్యానెల్ ఏది తీసుకోవాలో సగం ఇక్కడే తేలిపోతుంది.

మూడో పని: ప్యానెల్ తేల్చుకోండి

ఖరీదైన టీవీల్లో ఇప్పుడు రెండే కులాలు: ఓలెడ్, మినీ ఎల్‌ఈడీ. క్యూఎల్‌ఈడీ అన్నది రంగుల పొర పేరు, అది ఓలెడ్ కాదు. అక్షరాలు దగ్గరగా ఉన్నాయని మోసపోకండి.

ఓలెడ్‌లో ప్రతి చుక్కా తనంతట తాను వెలుగుతుంది, ఆరిపోతుంది. అందుకే నలుపు నిజంగా నల్లగా ఉంటుంది. రాత్రి సీనులో దీపం చుట్టూ మసక రాదు, పక్కన చాప మీద కూర్చున్నవాళ్ళకి కూడా రంగు మారదు. నలుగురూ నాలుగు మూలల్లో కూర్చుని చూసే ఇంటికి ఇది పెద్ద లాభం. మినీ ఎల్‌ఈడీలో తెర వెనక వేల కొద్దీ చిన్న దీపాలు గుంపులు గుంపులుగా వెలుగుతాయి. ఒక్కో గుంపుని జోన్ అంటారు. జోన్లు ఎక్కువైతే నలుపు మెరుగవుతుంది, అయినా నల్లటి తెర మీద తెల్లటి సబ్‌టైటిల్ వస్తే చుట్టూ పల్చటి వెలుగు కనబడుతుంది. చాలా మోడళ్ళలో పక్కనుంచి చూస్తే రంగు కాస్త వెలిసినట్టుంటుంది. వెలుగులో మాత్రం దానిదే పైచేయి.

వెలుగు అంకెలు చదవడంలో ఒక కిటుకుంది. కరపత్రంలో 1500 నిట్స్, 2000 నిట్స్ (నిట్ అంటే తెర వెలుగుని కొలిచే ప్రమాణం) అని వేసేది సాధారణంగా తెరలో పదో వంతు మాత్రమే తెల్లగా ఉన్నప్పటి కొలత. ఓలెడ్ తెర మొత్తం ఒకేసారి వెలగాల్సి వస్తే ఆ అంకె బాగా దిగిపోతుంది, మోడల్‌ని బట్టి 200 నుంచి 400 దగ్గర ఆగుతుంది. పగటి క్రికెట్ మ్యాచ్ తలుచుకోండి. తెరంతా పచ్చగడ్డి, ఎండ, తెల్ల బట్టలు. పడమటి కిటికీ తెరిచి మ్యాచ్ చూసే ఇల్లయితే మినీ ఎల్‌ఈడీ తీసుకోండి. రాత్రి లైట్లు తగ్గించి సినిమాలూ గేములూ అయితే ఓలెడ్.

ఓలెడ్‌లో మళ్ళీ రెండు రకాలు. ఎల్‌జీ డిస్‌ప్లే చేసే డబ్ల్యూ-ఓలెడ్ ఒకటి, 2022 నుంచి శాంసంగ్ డిస్‌ప్లే ఇస్తున్న క్యూడీ-ఓలెడ్ ఇంకొకటి. రంగుల చిక్కదనంలో క్యూడీ ముందుంటుంది. కానీ గదిలో వెలుతురు తెర మీద పడితే దాని నలుపు కాస్త బూడిద, ఊదా రంగులోకి తిరుగుతుంది. షోరూమ్ లైట్ల కింద నిలబడి చూస్తే మీకే తెలుస్తుంది. ఒకే సిరీస్‌లో కూడా సైజును బట్టి ప్యానెల్ మారిపోతుంటుంది, కాబట్టి 55 అంగుళాలకి రాసిన సమీక్ష చదివి 77 అంగుళాలది కొనకండి.

నాన్న న్యూస్ సంగతి వదిలేశాననుకోకండి. చానెల్ లోగో, కింద స్క్రోలింగ్ పట్టీ, ఎర్రటి బ్రేకింగ్ న్యూస్ పెట్టె రోజుకి మూడు నాలుగు గంటలు, ఏళ్ళ తరబడి ఒకేచోట వెలిగితే ఓలెడ్‌లో అక్కడి చుక్కలు మిగతావాటికంటే ముందు అరుగుతాయి, నీడలాంటి మచ్చ మిగులుతుంది. దీన్నే బర్న్-ఇన్ అంటారు. కొత్త ప్యానెళ్ళు చాలా మెరుగుపడ్డాయి, రకరకాలుగా చూసే ఇంట్లో భయం అక్కర్లేదు. మా ఇంట్లో మాత్రం పాత టీవీని నాన్న గదికి మార్చి, ఓలెడ్‌ని హాల్లో పెట్టాం. న్యూస్ రోజుకి ఐదారు గంటలు ఆడి, ఒకటే టీవీ ఉన్న ఇంటికి నేను మినీ ఎల్‌ఈడీయే చెబుతాను. పిన్నికి అదే ఇప్పించాను.

ఇంకో మాట. ఓలెడ్ టీవీ కొన్ని గంటల వాడకం తర్వాత, రిమోట్‌తో ఆపినప్పుడు, స్టాండ్‌బైలో ఉండి కొద్ది నిమిషాలు ప్యానెల్‌ని తానే సర్దుకుంటుంది. రాత్రి పడుకునేముందు గోడ దగ్గర స్విచ్ తీసేస్తే ఆ పని జరగదు. మనవాళ్ళకి స్విచ్ తీయకపోతే నిద్ర పట్టదు, అదొక ఇబ్బంది.

నాలుగో పని: గేమ్ ఆడేవాళ్ళుంటే పోర్టు పోర్టుకీ అడగండి

మా గుంటడి కోసం కొన్నప్పుడు షాపు కుర్రాడిని, "నాలుగు హెచ్‌డీఎంఐల్లో దేనికి పెట్టాలి?" అనడిగాను. "నాలుగూ ఒకటే సార్, మీ ఇష్టం" అన్నాడు. సరే అని సులువుగా చెయ్యి పెట్టగలిగిన దాంట్లో పెట్టాను. ఆరు వారాల తర్వాత పీఎస్5 సెట్టింగ్స్‌లో, స్క్రీన్ అండ్ వీడియో కింద, వీడియో అవుట్‌పుట్ ఇన్ఫర్మేషన్ పేజీ తెరిస్తే 60 హెర్ట్జ్ అని ఉంది, అంటే తెర మీది బొమ్మ సెకనుకి 60 సార్లే మారుతోంది. 120 కోసం అంత డబ్బు పోసి నెలన్నర పాటు వాడు 60లోనే ఆడాడు. కేబుల్ మూడో పోర్టులోకి మార్చి, టీవీలో ఆ పోర్టుకి హెచ్‌డీఎంఐ ఫార్మాట్‌ని పైదానికి పెడితే గానీ 120 రాలేదు.

అందుకని ఇది గుర్తుపెట్టుకోండి: పెట్టె మీద హెచ్‌డీఎంఐ 2.1 అని ఉన్నంత మాత్రాన ఏమీ తేలదు. 2021 చివర్లో నిబంధనలు ఎలా రాశారంటే, 2.0 అన్న పేరు విడిగా లేకుండా పోయింది, 2.1లోని సౌకర్యాలన్నీ ఐచ్ఛికమయ్యాయి. కాబట్టి మూడు ప్రశ్నలు విడివిడిగా అడగాలి. 4కెలో 120 హెర్ట్జ్ ఏ ఏ పోర్టుల్లో వస్తుంది? వీఆర్‌ఆర్ ఉందా? ఏఎల్‌ఎల్‌ఎం ఉందా? టీవీ వెనక పోర్టు పక్కనే 4కె 120 అని చిన్న అక్షరాలు ఉంటాయి, ఫోన్ టార్చ్ వేసి మీరే చదవండి. ఎల్‌జీ సీ, జీ సిరీస్‌ల్లో, శాంసంగ్ ఎస్90, ఎస్95ల్లో నాలుగు పోర్టులూ పనికొస్తాయి. సోనీ బ్రావియా 7, 8, 9ల్లో రెండే పనికొస్తాయి, ఆ రెంటిలో ఒకటి సౌండ్‌బార్ పెట్టుకునే ఈఆర్క్ పోర్టు. సౌండ్‌బార్, పీఎస్5, ఎక్స్‌బాక్స్ మూడూ ఉన్న ఇంట్లో ఇది తలనొప్పే.

వీఆర్‌ఆర్ అంటే గేమ్ పంపే ఫ్రేముల వేగాన్ని బట్టి తెర తన వేగాన్ని మార్చుకోవడం. లేకపోతే సీను భారీగా ఉన్నచోట బొమ్మ అడ్డంగా చీలినట్టు కనబడుతుంది. పీఎస్5లో ఇది 48 నుంచి 120 హెర్ట్జ్ మధ్య పనిచేస్తుంది. ఏఎల్‌ఎల్‌ఎం చేసేది చిన్న పనే, గేమ్ మొదలవగానే టీవీని గేమ్ మోడ్‌లోకి మారుస్తుంది. చిన్నదైనా ఉండాలి. సినిమా మోడ్‌లో బటన్ నొక్కాక బొమ్మ కదలడానికి వంద మిల్లీసెకన్లకి అటూఇటూ పట్టొచ్చు, మంచి టీవీ గేమ్ మోడ్‌లో 60 హెర్ట్జ్ దగ్గర అది పది చుట్టూ ఉంటుంది, 120లో ఇంకా సగమవుతుంది.

"గేములు చాలావరకు 60 ఫ్రేములే కదా, 120 ఎందుకు?" అని బావ అడిగాడు. మంచి ప్రశ్నే. కొన్ని గేముల్లో 40 ఫ్రేముల మోడ్ ఉంటుంది, బొమ్మ నాణ్యత తగ్గకుండా 30 కంటే సాఫీగా నడుస్తుంది. 120ని 40తో భాగిస్తే సరిగ్గా మూడు, 60ని భాగిస్తే ఒకటిన్నర. అందుకే ఆ మోడ్ 120 హెర్ట్జ్ తెర మీదే కుదురుతుంది.

మోషన్ రేట్ 120, మోషన్ రేట్ 240 లాంటి పేర్లు ప్యానెల్ అసలు వేగం కాదు. 60 హెర్ట్జ్ ప్యానెల్‌లోనే నిలువు చుక్కల్ని సగానికి తగ్గించి 120 చూపించేవీ ఉన్నాయి. "నేటివ్ రిఫ్రెష్ రేట్ ఎంత?" అని ఆ మాటతోనే అడగండి. కేబుల్ పీఎస్5తో వచ్చిందే చాలు. పొడుగుది కావాలంటే అల్ట్రా హై స్పీడ్ అని రాసి, స్కాన్ చేసే లేబుల్ ఉన్నది కొనండి.

ఐదోది: డాల్బీ విజన్ గొడవ

వెలుగునీడల తేడా బాగా చూపించే వీడియో పద్ధతిని హెచ్‌డీఆర్ అంటారు. డాల్బీ విజన్, హెచ్‌డీఆర్10, హెచ్‌డీఆర్10 ప్లస్ అందులో రకాలు. దీని మీద ఎక్కువ బుర్ర పాడుచేసుకోవద్దు. శాంసంగ్‌లో 2025 మోడళ్ళ వరకూ డాల్బీ విజన్ లేదు, హెచ్‌డీఆర్10 ప్లస్ ఉంది. ఎల్‌జీలో దీనికి తలకిందులు. టీసీఎల్, హైసెన్స్ పైస్థాయి మోడళ్ళలో రెండూ ఉంటాయి. పీఎస్5 గేములకి డాల్బీ విజన్ లేదు, మామూలు హెచ్‌డీఆర్10 ఒక్కటే. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ ఉన్నవాళ్ళకీ, ఓటీటీ సినిమాలు తెగ చూసేవాళ్ళకీ డాల్బీ విజన్ ఉంటే మంచిది.

ఆరో పని: పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని షాపుకెళ్ళండి

శ్రీకాకుళం వెళ్ళినా, బరంపురం వెళ్ళినా, విశాఖ దాకా పోయినా పనిదినం మధ్యాహ్నం వెళ్ళండి. పండగ ముందు ఆదివారం మీ మాట ఎవరూ వినరు. పెన్‌డ్రైవ్‌లో నాలుగు ఉంచుకోండి: నల్లటి తెర మీద తెల్ల అక్షరాల బొమ్మ, తెరంతా ముదురు బూడిద రంగు నిండిన బొమ్మ, తెరంతా తెలుపు, మీ ఇంట్లో సాయంత్రం వెలుతురులో మనుషుల్ని ఫోన్‌తో తీసిన 4కె వీడియో. ఆఖరిది అన్నిటికంటే ముఖ్యం. మీ అమ్మ మొహం రంగు మీకు తెలిసినంతగా చిలక రంగు మీకు తెలియదు.

ముందు టీవీని వివిడ్ మోడ్ (వెలుగు, రంగు బాగా పెంచి చూపే సెట్టింగ్) నుంచి సినిమా మోడ్‌కి, లేకపోతే ఫిల్మ్‌మేకర్ మోడ్‌కి మార్పించండి. మార్చగానే పసుపుగా, డల్‌గా అనిపిస్తుంది. రెండు నిమిషాలు ఆగండి, కన్ను అలవాటు పడుతుంది. బూడిద బొమ్మలో నిలువు చారలు, మచ్చలు ఉన్నాయేమో చూడండి. తెల్ల అక్షరాల చుట్టూ వెలుగు ఎంత పాకుతుందో చూడండి, తర్వాత పక్కకి జరిగి మళ్ళీ చూడండి. చివరగా షాపు డీటీహెచ్‌లో ఒక తెలుగు న్యూస్ చానెల్ పెట్టమనండి. "ఇంత టీవీలో న్యూస్ ఎందుకు సార్?" అని నవ్వుతారు. నవ్వనివ్వండి.

ఏడో పని: సర్వీసు, బిల్లు, కరెంటు

సరిహద్దు ఊళ్ళ ప్రత్యేక బాధ ఇది. పర్లాకిమిడి పిన్‌కోడ్ 761తో మొదలవుతుంది, పక్కనే ఉన్న పాతపట్నానిది 532తో. కొనకముందే కంపెనీ టోల్‌ఫ్రీకి ఫోన్ చేసి మీ పిన్‌కోడ్ చెప్పండి. మెకానిక్ ఎక్కడి నుంచి వస్తాడు, ఇంటికొచ్చి చూస్తాడా, ప్యానెల్ పోతే ఎవరు మోసుకెళ్ళాలి, బర్న్-ఇన్ వారంటీలోకి వస్తుందా? అన్నీ అడిగి, జవాబు ఈమెయిల్‌లో తెప్పించుకోండి. ఆంధ్రలో కొని ఒడిశా ఇంటికి తెచ్చుకుంటే బిల్లు మీద మీ ఇంటి అడ్రసే రాయించండి. యాభై వేలు దాటిన సరుకు కాబట్టి ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి కావాల్సిన పత్రం) సంగతి షాపువాళ్ళనే చూసుకోమనండి. పన్ను రెండు వైపులా ఒకటే: 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం నుంచి 18కి దిగింది. ఎవరైనా అంతకుముందు రాసిన ధర చూపిస్తే మళ్ళీ లెక్క వేయించండి.

పెట్టెని బండిలో నిలబెట్టే తేవాలి, పడుకోబెట్టకూడదు. విప్పేటప్పుడు మొదటి టేపు కోసిన దగ్గర్నుంచి వీడియో తీయండి.

కరెంటు గురించి: ఈ టీవీలు చాలావరకు 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటాయి, స్టెబిలైజర్ కంటే మంచి సర్జ్ ప్రొటెక్టర్, ఇంటికి సరైన ఎర్తింగ్ ముఖ్యం. మన వైపు వేసవి గాలివానల్లో టీవీలు పోయేది ఎక్కువగా పిడుగులకే. పిడుగు కరెంటు ప్లగ్గులోంచే వస్తుందనుకోకండి, డిష్ నుంచి దిగే కేబుల్లోంచీ, నెట్ వైర్లోంచీ కూడా వస్తుంది. ఉరుములు మొదలైతే మూడూ పీకేయండి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను చూసినవాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

ఇంటికొచ్చిన సాయంత్రం

మొదట సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయండి. చానెళ్ళకీ, ఓటీటీకీ, గేముకీ సెట్టింగులు ఇన్‌పుట్ వారీగా విడివిడిగా ఉంటాయి, ఒకచోట మారిస్తే అన్నిటికీ మారాయనుకోవద్దు. సినిమాలకి బొమ్మని సాఫీ చేసే సెట్టింగ్ తీసేయండి. సోనీలో దాని పేరు మోషన్‌ఫ్లో, ఎల్‌జీలో ట్రూమోషన్, శాంసంగ్‌లో పిక్చర్ క్లారిటీ. ఇది ఎక్కువగా ఉంటే సినిమా కూడా స్టూడియో సీరియల్లా కనబడుతుంది. ఎస్‌డీ చానెళ్ళకి షార్ప్‌నెస్ బాగా తగ్గించండి, అమ్మ అన్న మైనం బొమ్మలు సగం దీనితోనే పోయాయి. పీఎస్5లో హెచ్‌డీఆర్ సర్దే మూడు తెరలు వస్తాయి, ప్రతిదాంట్లోనూ గుర్తు కనబడీ కనబడనట్టుండే దగ్గర ఆపండి. షాపుకి తీసుకెళ్ళిన బూడిద బొమ్మ మళ్ళీ పెట్టి, మచ్చలుంటే తిరిగి ఇచ్చే గడువులోపే ఫోటో తీసి పంపండి.

మా ఇంట్లో ఆఖరి పని స్విచ్ బోర్డు దగ్గర జరిగింది. మూడు రాత్రులు వరసగా నాన్న స్విచ్ తీసేసి పడుకున్నారు. నాలుగో రోజు గుంటడు నోటు పుస్తకంలో కాగితం చింపి, స్కెచ్ పెన్నుతో పెద్ద అక్షరాల్లో రాసి బోర్డు మీద అంటించాడు: "పిడుగులు పడితే తప్ప ఆపొద్దు."